ఇంగ్లీషులో యాక్టివ్ ఎప్పుడు, పాసివ్ ఎప్పుడు: తప్పుల్లేకుండా రాయడానికి సమగ్ర మార్గదర్శి

"పరీక్ష వాయిదా వేశారు." ఈ మాటలో వాయిదా వేసింది ఎవరో లేదు. చెప్పేవాళ్లకు తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పాల్సిన అవసరం లేకపోవచ్చు. వినేవాళ్లు కూడా "ఎవరు వేశారు?" అని అడగరు, "మళ్లీ ఎప్పుడట?" అని అడుగుతారు. తెలుగులో మనం రోజూ మాట్లాడే మాటల్లో ఇలాంటివి బోలెడు. దొంగను పట్టుకున్నారు. ఫలితాలు ప్రకటించారు. ఆ దారి మూసేశారు. కర్తను వదిలేసి క్రియ చివర "ఆరు" పెడితే మనకు పని అయిపోతుంది.

ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ మామూలు వాక్యంలో క్రియ ముందు ఎవరో ఒకరు ఉండి తీరాలి. పని చేసినవాళ్లను చెప్పడం ఇష్టం లేకపోతే, ఆ పని దేనికి జరిగిందో దాన్నే తెచ్చి ముందు పెడతారు. "ది ఎగ్జామ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్." "ది థీఫ్ వాజ్ కాట్." "ది రోడ్ హ్యాజ్ బీన్ క్లోజ్డ్." పాసివ్ వాయిస్ అంటే ఇదే.

బళ్లో మాత్రం మనం దీన్ని "బడు" దారిలో నేర్చుకున్నాం. రాముడు రావణుని చంపెను అంటే కర్తరి, అంటే యాక్టివ్. రామునిచేత రావణుడు చంపబడెను అంటే కర్మణి, అంటే పాసివ్. వ్యాకరణంగా అది సరైనదే. కానీ ఇంట్లో గానీ ఆఫీసులో గానీ "అన్నం తినబడింది" అని ఎవరూ అనరు కదా. దాంతో పాసివ్ అంటే పరీక్షలో మార్కుల కోసం చేసే కసరత్తు అన్న అభిప్రాయం పడిపోతుంది. ఇంగ్లీషు రాసేటప్పుడు "బడు"ను పక్కన పెట్టేయమని నా సలహా. మీ మనసులో వచ్చిన తెలుగు వాక్యాన్ని "ఎవరు?" అని అడగండి. జవాబు ఆ వాక్యంలో లేకుండా క్రియ "ఆరు"తో ముగిసిందంటే, అక్కడ ఇంగ్లీషులో పాసివ్ అవసరం కావచ్చు. గౌరవానికి వాడే "ఆరు" వేరు. "నాన్నగారు వచ్చారు" అన్నప్పుడు ఎవరో అక్కడే ఉంది.

మరి "దే పోస్ట్‌పోన్డ్ ది ఎగ్జామ్" అంటే తప్పా? తప్పు కాదు. మాటల్లో ఇంగ్లీషువాళ్లూ అలా అంటారు. కానీ ఉత్తరంలోనో రిపోర్టులోనో "దే" కనబడితే చదివేవాళ్లు ఆ "దే" ఎవరా అని పై వాక్యాల్లో వెతుకుతారు. రాతలో పాసివే మేలు.

ముందు క్రియను పరీక్షించండి

అన్ని క్రియలకూ పాసివ్ ఉండదు. ఏమిటి, ఎవరిని అని అడిగితే జవాబు రావాలి. "బ్రేక్" అంటే దేన్ని అని అడగొచ్చు, "సెండ్" అంటే దేన్ని అని అడగొచ్చు. "డై", "అరైవ్", "హ్యాపెన్", "అకర్", "డిసపియర్", "ఎగ్జిస్ట్" లాంటివాటిని అలా అడగలేం. ఇవి అకర్మక క్రియలు, వీటికి పాసివ్ రాదు. అయినా మనవాళ్ల ఇంగ్లీషులో ఎక్కువగా కనబడే తప్పు ఇక్కడే ఉంది. "ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్ ఎట్ నైట్" అని రాస్తారు. "హి వాజ్ డైడ్" అని రాస్తారు. జరిగిపోయిన సంగతి కాబట్టి "వాజ్" ఉండాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. "ది యాక్సిడెంట్ హ్యాపెన్డ్ ఎట్ నైట్", "హి డైడ్" చాలు.

దీనికి తెలుగులోనే మంచి కొలత ఉంది. మన క్రియల్లో చాలావాటికి జంటలుంటాయి: పగిలింది, పగలగొట్టారు. తెరుచుకుంది, తెరిచారు. ఆగింది, ఆపారు. మారింది, మార్చారు. మొదటిది తనంత తాను జరిగినట్టు చెబుతుంది, రెండోది ఎవరో చేశారని చెబుతుంది. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి క్రియ ఒక్కటే, తేడా అంతా "వాజ్"లోనే. "ది డోర్ ఓపెన్డ్" అంటే తలుపు తెరుచుకుంది. "ది డోర్ వాజ్ ఓపెన్డ్" అంటే తలుపు తెరిచారు. "ది విండో బ్రోక్" అంటే పగిలింది, "ది విండో వాజ్ బ్రోకెన్" అంటే సాధారణంగా ఎవరో పగలగొట్టారు. (పగిలి ఉంది అని కిటికీ స్థితి చెప్పడానికి కూడా ఇదే వాక్యం వస్తుంది. ఏది ఉద్దేశమో సందర్భం చెబుతుంది.) మీ తెలుగు వాక్యం జంటలో మొదటిదైతే "వాజ్" పెట్టకండి.

ఈ కొలతకు లొంగని ముఖ్యమైన క్రియ ఒకటుంది. మనం "పుట్టాను" అంటాం, ఇంగ్లీషువాళ్లు మాత్రం "ఐ వాజ్ బార్న్" అంటారు. "ఐ బార్న్ ఇన్ 1998" అని వాజ్ మింగేయడం, "ఐ యామ్ బార్న్" అనడం రెండూ తప్పే.

"హ్యావ్" (కలిగి ఉండటం అనే అర్థంలో), "లాక్", "రిజెంబుల్", "కాస్ట్", సరిపోవడం అనే అర్థంలో "ఫిట్" లాంటి కొన్నిటికి కర్మ ఉన్నా పాసివ్ వాడరు. పోలిక ఉందని చెప్పాలంటే "హి రిజెంబుల్స్ హిజ్ ఫాదర్" అనే అంటారు, దాన్ని తిప్పరు.

మార్చడం ఎలా

ఒక వాక్యం తీసుకుందాం: "ది డాక్టర్స్ హ్యావ్ ఎగ్జామిన్డ్ హర్."

మొదటి అడుగు, కర్మను పట్టుకుని ముందుకు తేవడం. ఇక్కడ కర్మ "హర్". ముందుకు వచ్చాక అది "షీ" అవుతుంది. అలాగే "మీ" వస్తే "ఐ", "హిమ్" వస్తే "హి", "దెమ్" వస్తే "దే", "అస్" వస్తే "వీ".

రెండో అడుగు, క్రియను మార్చడం. అసలు కష్టమంతా ఇక్కడే. దీనికోసం పిల్లలు పన్నెండు కాలాల పట్టిక బట్టీ పడతారు. దాని బదులు ఒకే సూత్రం గుర్తుంచుకుంటే చాలు: యాక్టివ్ వాక్యంలో అసలు క్రియ ఏ రూపంలో ఉందో "బీ"ని ఆ రూపంలోకి మార్చి అక్కడ పెట్టండి, ఆ పక్కనే అసలు క్రియ వీ3 రాయండి. (రైట్, రోట్, రిటెన్ అని చదువుకుంటాం కదా, అందులో రెండోది వీ2, మూడోది వీ3.)

చేసి చూద్దాం. "రైట్" అనే క్రియ తీసుకోండి. "రైట్స్" అంటే వర్తమాన రూపం. "బీ"కి వర్తమాన రూపం "ఈజ్". కాబట్టి "ఈజ్ రిటెన్". "రోట్" గతం, "బీ"కి గతం "వాజ్", కాబట్టి "వాజ్ రిటెన్". "ఈజ్ రైటింగ్"లో అసలు క్రియకు "ఇంగ్" ఉంది. "బీ"కి "ఇంగ్" కలిపితే "బీయింగ్", కాబట్టి "ఈజ్ బీయింగ్ రిటెన్". "హ్యాజ్ రిటెన్"లో అసలు క్రియ వీ3లో ఉంది. "బీ"కి వీ3 "బీన్", కాబట్టి "హ్యాజ్ బీన్ రిటెన్". "విల్ రైట్"లో క్రియ మామూలుగా ఉంది, కాబట్టి "విల్ బీ రిటెన్". "కెన్", "షుడ్", "మస్ట్" ఏది వచ్చినా ఇదే లెక్క: "మస్ట్ బీ రిటెన్". "మస్ట్ హ్యావ్ రిటెన్" వస్తే "మస్ట్ హ్యావ్ బీన్ రిటెన్". ఇంక పట్టికతో పని లేదు.

"బీయింగ్", "బీన్" తారుమారు కావడం కూడా ఈ సూత్రంతో ఆగుతుంది. "ది వర్క్ ఈజ్ బీన్ డన్" అనే వాక్యం ఆఫీసు మెయిళ్లలో తరచూ కనబడుతుంది. "ఈజ్" తర్వాత "బీన్" ఎప్పటికీ రాదు. పని నడుస్తోందంటే "ఈజ్ బీయింగ్ డన్", అయిపోయిందంటే "హ్యాజ్ బీన్ డన్".

ఈ "ఈజ్ బీయింగ్" రూపం ఇంగ్లీషులో అంత పాతది కూడా కాదు. ఇల్లు కడుతున్నారు అనడానికి ఒకప్పుడు "ది హౌస్ ఈజ్ బిల్డింగ్" అనేవాళ్లు. "ఈజ్ బీయింగ్ బిల్ట్" లాంటి వాక్యాలు 18వ శతాబ్దం చివర్లో గానీ కనబడవు. 19వ శతాబ్దంలో చాలామంది పండితులు అది వికారంగా ఉందని తిట్టిపోశారు. ఇప్పుడు అది లేకుండా ఒక్క పూట గడవదు.

"హ్యాజ్ బీన్ రైటింగ్", "విల్ బీ రైటింగ్" లాంటివాటికి పాసివ్ కావాలంటే "బీన్ బీయింగ్", "బీ బీయింగ్" పక్కపక్కన వస్తాయి. సూత్రం ఒప్పుకున్నా నోరు ఒప్పుకోదు. వాటిని వాడకండి.

మన వాక్యానికి వద్దాం. "హ్యావ్ ఎగ్జామిన్డ్" కాస్తా "హ్యావ్ బీన్ ఎగ్జామిన్డ్" కావాలి. కానీ ముందున్నది ఇప్పుడు "షీ", ఒక్కరే. కాబట్టి "షీ హ్యాజ్ బీన్ ఎగ్జామిన్డ్". క్రియ ఎప్పుడూ కొత్తగా ముందుకు వచ్చిన పదం మాటే వింటుంది. వెనక్కి వెళ్లిపోయిన డాక్టర్లు ఎంతమందైనా దానికి లెక్క లేదు.

మూడో అడుగు వీ3 సరిచూసుకోవడం. "ఈడీ"తో ముగిసేవాటితో చిక్కు లేదు. "వాజ్ స్టోల్", "వాజ్ బ్రోక్", "వాజ్ టుక్" అని వీ2 రాసేస్తేనే ఇబ్బంది. స్టోలెన్, బ్రోకెన్, టేకెన్, గివెన్, చోజెన్, సీన్, డన్: వీటిని నోటికి అలవాటు చేసుకోండి.

నాలుగోది "బై". బళ్లో ప్రతి వాక్యం చివరా "బై" పెట్టించారు కాబట్టి అది తప్పనిసరి అనుకుంటాం. నిజానికి రోజువారీ పాసివ్ వాక్యాల్లో ఎక్కువవాటికి "బై" ఉండదు. చేసినవాళ్లను చెప్పక్కర్లేదనే కదా పాసివ్‌కు వచ్చింది! "బై సమ్‌వన్", "బై పీపుల్" అని రాయడం శుద్ధ దండగ. డాక్టర్లు కాక ఇంకెవరు పరీక్షిస్తారు? "షీ హ్యాజ్ బీన్ ఎగ్జామిన్డ్" అని ఆపేయండి. ఎవరు చేశారన్నదే వార్త అయినప్పుడు మాత్రం "బై" ఉంచండి.

పనిముట్టుకు "బై" కాదు, "విత్". "ది లాక్ వాజ్ బ్రోకెన్ విత్ ఎ హ్యామర్." సుత్తి తనంత తాను పగలగొట్టదు, పట్టుకున్న చెయ్యి వేరే ఉంది. "నోన్ టు", "ఇంట్రెస్టెడ్ ఇన్", "ఫిల్డ్ విత్" లాంటివి వాటి విభక్తితో కలిపే నేర్చుకోవాలి, అడ్డదారి లేదు.

చిక్కుముడులు

"గివ్", "సెండ్", "ఆఫర్" లాంటి క్రియలకు రెండు కర్మలుంటాయి: ఎవరికి, ఏమిటి. రెండిట్లో దేన్నయినా ముందుకు తేవచ్చు. "ఐ వాజ్ గివెన్ ఎ బుక్" అనొచ్చు, "ఎ బుక్ వాజ్ గివెన్ టు మీ" అనొచ్చు. మొదటిదే ఎక్కువగా వినబడుతుంది. మనిషిని ముందు పెట్టడం ఇంగ్లీషుకు ఇష్టం.

ఇది చూసి "ఎక్స్‌ప్లెయిన్"ను కూడా అదే దారి పట్టిస్తారు. "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది రూల్స్" అంటారు. ఇది కుదరదు. ఎందుకంటే యాక్టివ్‌లోనే "దే ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ది రూల్స్" అనరు, "ఎక్స్‌ప్లెయిన్డ్ ది రూల్స్ టు మీ" అంటారు. "టు" వెనక ఉన్న మనిషి ముందుకు రాలేడు. "ది రూల్స్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ" అనాలి. "సజెస్ట్" కూడా అంతే. "సే", "టెల్" విషయంలోనూ ఇదే కిటుకు. "టెల్ మీ" అంటాం కాబట్టి "ఐ వాజ్ టోల్డ్" సరైనది. "సే మీ" అనం కాబట్టి "ఐ వాజ్ సెడ్" తప్పు. అయితే "హి ఈజ్ సెడ్ టు బీ రిచ్" అనే వాక్యం వేరు. ఆయన డబ్బున్నవాడని అంటారు, అని దాని అర్థం. మన "అట"కు ఇంగ్లీషులో దగ్గరి చుట్టం అదే.

"మేక్" పాసివ్‌లో "టు" తెచ్చుకుంటుంది. "దే మేడ్ హిమ్ వెయిట్" అన్నది "హి వాజ్ మేడ్ టు వెయిట్" అవుతుంది. "లెట్"ను ఇలా తిప్పరు, "వాజ్ అలౌడ్ టు" అంటారు.

"లుక్ ఆఫ్టర్", "లాఫ్ ఎట్", "డీల్ విత్" లాంటి జంటలను విడదీయకూడదు. "హి వాజ్ లాఫ్డ్ బై ఎవ్రీవన్" అని రాస్తే "ఎట్" పోయింది. "హి వాజ్ లాఫ్డ్ ఎట్ బై ఎవ్రీవన్" చూడటానికి వింతగా ఉన్నా అదే సరైనది.

ప్రశ్నలకు ముందు మామూలు పాసివ్ వాక్యం రాసుకుని "బీ" రూపాన్నో, "హ్యాజ్", "విల్" లాంటిదాన్నో ముందుకు జరపండి. "ఇట్ వాజ్ క్లీన్డ్" నుంచి "వాజ్ ఇట్ క్లీన్డ్?" వస్తుంది. "హూ రోట్ దిస్?" అన్నదాన్ని పరీక్షలో "బై హూమ్ వాజ్ దిస్ రిటెన్?" అని రాయిస్తారు. బయట "హూ వాజ్ దిస్ రిటెన్ బై?" అంటారు, లేదా హాయిగా యాక్టివ్‌లోనే అడుగుతారు. "క్లోజ్ ది డోర్"ను "లెట్ ది డోర్ బీ క్లోజ్డ్" అని మార్చడం కూడా మార్కుల కోసమే. తలుపు వెయ్యమని చెప్పడానికి అలా అంటే ఎదుటివాళ్లు నవ్వుతారు.

చేయించడం అనే తెలుగు ఆస్తి

"ఇల్లు కట్టించాను", "జుట్టు కట్ చేయించుకున్నాను", "ఫోన్ బాగు చేయించాను." వీటిని "ఐ బిల్ట్ ఎ హౌస్", "ఐ కట్ మై హెయిర్", "ఐ రిపేర్డ్ మై ఫోన్" అని అనువదిస్తే అన్నీ మీరే స్వయంగా చేసినట్టు అర్థం రావచ్చు. మన "ఇంచు"కు ఇంగ్లీషులో "హ్యావ్" ఉంది: "హ్యావ్", ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత వీ3. "ఐ హ్యాడ్ ఎ హౌస్ బిల్ట్." "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్." "ఐ హ్యాడ్ మై ఫోన్ రిపేర్డ్." మాటల్లో "హ్యాడ్" బదులు "గాట్" కూడా వాడతారు. వస్తువుకూ వీ3కీ మధ్య దాగి ఉన్నది పాసివ్ సంబంధమే, ఫోన్ బాగు చేయబడింది. కాకపోతే పదాల వరుస ముఖ్యం. "ఐ హ్యాడ్ రిపేర్డ్ మై ఫోన్" అంటే మళ్లీ అర్థం మారిపోతుంది: అప్పటికే నేను బాగు చేసేశాను, అని.

ఏది ఎప్పుడు

పాసివ్ వాడొద్దు, యాక్టివే రాయండి అని చాలామంది సలహా ఇస్తారు. కంప్యూటర్‌లో గ్రామర్ సరిచూసే సాఫ్ట్‌వేర్లు కూడా పాసివ్ కనబడగానే గీత గీస్తాయి. ఆ గీత చూసి టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది ఒక్కటే: మీరు దేని గురించి మాట్లాడుతున్నారు?

పెన్సిలిన్ గురించి పేరా రాస్తుంటే "ఇట్ వాజ్ డిస్కవర్డ్ బై అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఇన్ 1928" అనడం సహజం. ముందు వాక్యంలో ఉన్న పెన్సిలినే ఇక్కడా మొదట వచ్చింది, ఫ్లెమింగ్ పేరు కొత్త సమాచారంగా చివర వచ్చింది. ఫ్లెమింగ్ జీవితం గురించి రాస్తుంటే "ఇన్ 1928, హి డిస్కవర్డ్ పెన్సిలిన్" అనాలి. రెండూ నిజాలే, రెండూ మంచి వాక్యాలే. ఒకదాని చోట ఇంకోదాన్ని పెడితే చదివేవాళ్ల దృష్టి అనవసరంగా పక్కకు మళ్లుతుంది.

పద్ధతులు, ప్రయోగాలు, తయారీ గురించి రాసేటప్పుడు పాసివ్ బాగా పనికొస్తుంది. నీళ్లు ఎవరు మరిగించారన్నది అక్కర్లేదు, ఎంతసేపు మరిగించారన్నదే కావాలి. సైన్స్ వ్యాసాల్లో ఒకప్పుడు ఎక్కువగా పాసివే ఉండేది. ఇప్పుడు "వీ మెజర్డ్" అని రాయడం కూడా మామూలైంది.

బాధ్యత తప్పించుకోవడానికి కూడా పాసివ్ బాగా అక్కరకొస్తుంది. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వివాదం గురించి కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ "సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్" అన్నారు. తప్పులు జరిగాయన్నారు, చేసిందెవరో వాక్యంలో లేదు. ఆయన కంటే ముందూ తర్వాతా రాజకీయాల్లో ఈ మాట చాలాసార్లు వినబడింది. మీరు క్షమాపణ చెబుతున్నప్పుడు ఇలా రాస్తే ఎదుటివాళ్లకు ఒళ్లు మండుతుంది. "ఐ మేడ్ ఎ మిస్టేక్" అనండి. అదే మీరు ఇంకొకరి తప్పు ఎత్తి చూపాల్సి వస్తే, "యు డిడ్ నాట్ సైన్ ది ఫామ్" అనేకంటే "ది ఫామ్ వాజ్ నాట్ సైన్డ్" అంటే మర్యాదగా ఉంటుంది. ఉద్యోగానికి పంపే రెజ్యూమెలో మాత్రం యాక్టివే రాయాలి. పని మీరు చేశారని చెప్పుకోవడానికే కదా ఆ కాగితం.

పాసివ్ వల్ల తెలియకుండా దొర్లే తప్పు ఇంకోటి ఉంది. "ఆఫ్టర్ రీడింగ్ ది రిపోర్ట్, ది ప్లాన్ వాజ్ డ్రాప్డ్." రిపోర్టు చదివిందెవరు? ఈ వాక్యం ప్రకారం ప్లానే చదివింది! "ఇంగ్" ముక్కతో మొదలుపెడితే కామా తర్వాత వచ్చేది ఆ పని చేసిన మనిషే కావాలి. "ఆఫ్టర్ రీడింగ్ ది రిపోర్ట్, వీ డ్రాప్డ్ ది ప్లాన్."

ఒక మెయిల్ దిద్దుదాం

సరుకు పంపిన సంస్థ కస్టమర్‌కు ఇలా రాసిందనుకోండి: "యువర్ ఆర్డర్ డిస్పాచ్డ్ యెస్టర్‌డే. ఎ డిలే వాజ్ అకర్డ్ డ్యూ టు రెయిన్. వీ ఆర్ ఇన్ఫార్మ్డ్ ది కొరియర్. ఇట్ విల్ డెలివర్డ్ టుమారో. ఇఫ్ ఎనీ ఐటమ్ ఈజ్ డ్యామేజ్, యువర్ మనీ విల్ రిఫండ్."

మొదటి వాక్యంలో ఆర్డర్ దేన్నో పంపినట్టుంది. మనం పంపాం కాబట్టి "వాజ్ డిస్పాచ్డ్". రెండో దాంట్లో "అకర్" అకర్మకం, "వాజ్" తీసేసి "ఎ డిలే అకర్డ్" అనాలి. మూడోది అన్నిటికంటే ప్రమాదం. కొరియర్‌వాళ్లకు మేం చెప్పాం అనబోయి "ఆర్ ఇన్ఫార్మ్డ్" రాశారు. ఆ "ఆర్" వల్ల మాకే ఎవరో చెప్పారన్న అర్థం తొంగి చూస్తోంది. "వీ హ్యావ్ ఇన్ఫార్మ్డ్ ది కొరియర్" కావాలి. ఇది యాక్టివ్, ఇక్కడ యాక్టివే సరి. నాలుగో దాంట్లో "విల్" తర్వాత "బీ" జారిపోయింది: "ఇట్ విల్ బీ డెలివర్డ్". చివరి వాక్యంలో రెండు తప్పులున్నాయి. "డ్యామేజ్" వీ3లోకి మారి "ఈజ్ డ్యామేజ్డ్" అవ్వాలి, డబ్బు తనంత తాను వాపసు ఇచ్చుకోదు కాబట్టి "విల్ బీ రిఫండెడ్" అనాలి. ఇంకా బాగుండాలంటే అక్కడ "వీ విల్ రిఫండ్ యువర్ మనీ" అనండి. డబ్బు ఎవరిస్తారన్నది కస్టమర్ తెలుసుకోవాలనుకునే విషయమే.